కాజ టోల్‌గేటు దాటాక: ఎయిర్‌ఫ్లో సెన్సార్‌తో నా అనుభవం

నేను ఉండేది విజయవాడ పటమటలో, ఉద్యోగం గుంటూరులో. మిర్చి నిల్వ చేసే ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూస్తాను. ఆదివారం తప్ప రోజూ పొద్దున్నే కనకదుర్గ వారధి దాటి, మంగళగిరి మీదుగా గుంటూరు చేరి, చీకటి పడ్డాక తిరిగి వస్తాను. బండి 2012 నాటి పెట్రోలు సెడాన్. 1.8 లీటర్ల ఇంజను, చేత్తో మార్చే గేర్లు. మొన్న ఫిబ్రవరికి 1,32,000 కిలోమీటర్లు తిరిగింది.

ఈ దారిలో కాజ దగ్గర టోల్‌గేటు ఉంది. రోజూ అక్కడ బండి దాదాపు ఆగుతుంది, గేటు లేవగానే మళ్ళీ వేగం అందుకుంటుంది. ఏళ్ళ తరబడి ఒకే చోట ఒకే పని చేస్తుంటే బండిలో చిన్న తేడా వచ్చినా కాలికి తెలిసిపోతుంది. ఫిబ్రవరి రెండో వారంలో ఒక ఉదయం గేటు లేచింది, రెండో గేరులో యాక్సిలరేటర్ తొక్కాను. బండి ఒక్క క్షణం ఊపిరి బిగపట్టినట్టు ఆగి, ఆ తర్వాత కదిలింది. వెనక లారీ హారన్ మోగించింది. మరునాడూ అంతే, ఆ మరునాడూ అంతే. పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ ట్యాంకు నింపి, లీటర్లూ కిలోమీటర్లూ పుస్తకంలో రాసుకోవడం నాకు అలవాటు. లీటరుకు 13.5 కిలోమీటర్లు ఇచ్చే బండి ఆ నెలలో 11.8కి దిగింది. నెలాఖరుకు డ్యాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ పసుపుపచ్చగా వెలిగింది.

స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌లో పెట్టి ఫోనుకు కలుపుకునే చిన్న స్కానర్ ఒకటి ఏడు వందలకు కొన్నాను. పీ0171 అని కోడ్ చూపించింది. ఇంజనులోకి వెళ్తున్న మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని దాని అర్థం. ఎందుకలా అయిందో ఆ కోడ్ చెప్పదు. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు. ఆ కోడ్ చూడగానే ఇంజనులోకి వెళ్ళే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సార్ పోయిందని నేనే తీర్మానించుకున్నాను.

విడిభాగాలు అమ్మే ఒక దుకాణానికి వెళ్ళాను. కౌంటరులో ఉన్న కుర్రవాడు కంపెనీ సెన్సార్ ధర చెప్పి, దాని పక్కనే బంగారు రంగు అక్షరాలున్న ఇంకో పెట్టె పెట్టాడు. ధర 4,200. కంపెనీ సెన్సార్ ధరలో సగం కూడా కాదు. ఇంజనుకు 15 హార్స్‌పవర్ పెరుగుతుందని, మైలేజీ కూడా రెండు కిలోమీటర్లు ఎక్కువ వస్తుందని పెట్టె మీదే రాసి ఉంది. కుర్రవాడు చాలా మర్యాదగా మాట్లాడాడు. "ఊరికే చెప్పడం కాదు సార్, మీ ఫోనులోనే చూపిస్తాను" అన్నాడు.

చూపించాడు కూడా. పాత సెన్సార్‌తో ఒకసారి బందరు రోడ్డు మీద బండి బాగా లాగించాం. ఫోనులోని యాప్‌లో గరిష్ఠంగా 101 హార్స్‌పవర్ కనిపించింది. కొత్తది బిగించి, బ్యాటరీ తీగ ఐదు నిమిషాలు ఊడదీసి, మళ్ళీ తగిలించి అదే రోడ్డు మీద వెళ్ళాం. ఈసారి 133. పెట్టె మీద 15 అని రాస్తే నా కళ్ళ ముందు 30 దాటింది. అంతకంటే పెద్ద రుజువు, బండిలో నిజంగానే దమ్ము వచ్చింది. కాలు పెడితే దూకుతోంది. మరునాడు కాజ దగ్గర గేటు లేవగానే ముందున్న బస్సును దాటి వెళ్ళిపోయాను. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి మా ఆవిడకు, అబ్బాయికి గొప్పగా చెప్పాను. ఇంజను బొమ్మ మళ్ళీ వెలగలేదు.

ఆ దమ్ము వారం రోజులు కూడా నిలవలేదు. నాలుగో రోజుకు ఆ దూకుడు తగ్గింది. వారం గడిచేసరికి బండి మామూలుగా నడుస్తోంది, కానీ కాస్త బద్ధకంగా. ఫిబ్రవరిలో ఉన్న తడబాటు లేదు, కొత్త చురుకుదనమూ లేదు. సైలెన్సర్ గొట్టం అంచు వేలితో తుడిస్తే కాటుకలాంటి మసి అంటింది. ఇంతకుముందు ఎప్పుడూ అంత మసి చూడలేదు. రెండు ట్యాంకుల తర్వాత పుస్తకంలో లెక్క వేస్తే 12.1. పెట్టె మీద రాసిన ప్రకారం 15 దాటాలి.

అప్పుడు వెళ్ళాను ఆటోనగర్‌కు, నాన్నగారి కాలం నుంచి మా బండ్లు చూసిన మేస్త్రి గారి దగ్గరికి. మొదటే అక్కడికి వెళ్ళవలసింది. ఆయన షెడ్డు చిన్నది. ముందు వరసలో లారీల బాడీలు కట్టే శబ్దం, వెనక లేత్ మిషన్ల శబ్దం. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి, కార్బొరేటర్ల కాలంలో పని నేర్చుకుని, తర్వాత ఇంజక్షన్ బండ్లు వచ్చాక స్కానర్ చదవడం కూడా పట్టుదలగా నేర్చుకున్నారు. నేను చెప్పిందంతా విన్నారు. కొత్త సెన్సార్ వైపు చూడనైనా లేదు.

"పాతది పారేశారా, ఉందా?" అని అడిగారు.

ఉంది. డిక్కీలో, కొత్తదాని పెట్టెలోనే పెట్టి ఉంచాను. ఆయన దాన్ని తీసుకుని, గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే భూతద్దం పెట్టుకుని, టార్చి వేసి చూశారు. తర్వాత ఆ భూతద్దం నాకిచ్చారు. అగ్గిపెట్టె కంటే కాస్త పొడవైన నల్లటి ప్లాస్టిక్ ముక్క అది. ఒక చివర ఐదు పిన్నుల సాకెట్. రెండో చివర గాలి దూరి పోయే ఇరుకైన సందు. ఆ సందులో రెండు చిన్న కాళ్ళ మధ్య ఆవగింజంత పూస, దాని పక్కన వెంట్రుకంత తీగ. ఆ తీగ మెరవాలి. నాకు కనిపించింది మాత్రం బూడిదరంగు నూగు. పాత ఫ్యాను రెక్కకు జిడ్డూ దుమ్మూ కలిసి పట్టే నూగు ఉంటుంది కదా, అచ్చం అలాగే.

ఆ తీగ చేసే పని ఆయన చెప్పినదీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి రాస్తాను. పెట్రోలు మండాలంటే గాలి కావాలి. ఒక కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా కాలడానికి దాదాపు తొమ్మిది వేల లీటర్ల గాలి కావాలని లెక్క వేసుకున్నప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. అంత గాలి ఇంజనులోకి వెళ్తుంటే, ఏ క్షణాన ఎంత బరువు గాలి వెళ్తోందో తెలిస్తేనే బండి కంప్యూటర్ దానికి తగ్గ పెట్రోలు చల్లగలదు. ఇక్కడ గాలి పరిమాణం తెలిస్తే చాలదు, బరువే తెలియాలి, ఎందుకంటే వేడిగాలి పలచన, చల్లగాలి చిక్కన. 1970లలో బాష్ కంపెనీ ఎల్-జెట్రానిక్ అనే పెట్రోలు ఇంజక్షన్ పద్ధతిలో గాలి తోసుకుపోయే ఒక రేకు తలుపు పెట్టింది. ఆ పేరులోని 'ఎల్' జర్మన్ భాషలో గాలిని సూచించే లుఫ్ట్ అనే మాటది. 1980ల తొలినాళ్ళలో ఆ తలుపు స్థానంలో వేడి తీగ వచ్చింది. తీగను బయటి గాలి కంటే కొంత ఎక్కువ వేడిలో నిలపెట్టి ఉంచుతారు. గాలి వీచిన కొద్దీ తీగ చల్లబడుతుంది. దాన్ని మళ్ళీ అదే వేడికి తేవడానికి ఎంత కరెంటు కావాలో చూస్తే ఎంత గాలి వెళ్ళిందో తెలిసిపోతుంది. లెక్క సెకనుకు ఇన్ని గ్రాములు అని వస్తుంది. పక్కనున్న పూస లోపలికి వచ్చే గాలి వేడిని కొలుస్తుంది.

ఆ తీగ మీద నూగు పట్టిందనుకోండి, అది కంబళి కప్పుకున్నట్టే. గాలి దాన్ని చల్లబరచలేదు. కరెంటు తక్కువ సరిపోతుంది. కంప్యూటర్‌కు గాలి తక్కువ వెళ్తున్నట్టు కనిపిస్తుంది, పెట్రోలు కూడా తక్కువే చల్లుతుంది. నా బండి టోల్‌గేటు దగ్గర తడబడటానికి ఒక కారణం ఇదే.

నా ఉద్యోగంలో రోజూ చూసేది కాటా. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు వస్తాయి, కాటా మీద పెడతాం, బరువు రాస్తాం. మేస్త్రి గారు ఇదంతా చెబుతుంటే నాకు ఉన్నట్టుండి వెలిగింది, ఈ సెన్సార్ కూడా కాటాయే. మంచి కాటా తెచ్చినంత మాత్రాన టిక్కీలో మిరపకాయలు పెరగవు. ఇంజను ఎంత గాలి పీలుస్తుందో పిస్టన్లు, వాల్వులు, థ్రాటిల్, ఫిల్టర్ నిర్ణయిస్తాయి. సెన్సార్ ఆ వెళ్ళిన గాలిని తూచి కంప్యూటర్‌కు చెబుతుంది. అంతవరకే.

"మరి ఫోనులో 133 ఎలా వచ్చింది మేస్త్రి గారూ?" అని అడిగాను.

ఆయన ఫోను తీసుకుని యాప్‌లోని అంకెలు ఒక్కొక్కటీ చూపించారు. ఆ యాప్‌కు ఇంజను బలం కొలిచే సాధనమేదీ లేదు. సెన్సార్ చెప్పిన గ్రాములను తీసుకుని సుమారుగా 1.25తో గుణించి హార్స్‌పవర్ అని చూపిస్తుంది. సెన్సార్ సెకనుకు 81 గ్రాములు అంటే 101, 107 అంటే 133. అంటే కాటా తానే తనకు సాక్ష్యం చెప్పుకుంటోంది. ఎక్కువ చూపించే సెన్సార్ పెడితే యాప్‌లో హార్స్‌పవర్ దానంతట అదే పెరుగుతుంది. దుకాణంలో నేను చూసిన రుజువు అంతా అదే. ఆ కుర్రవాడికి ఈ సంగతి తెలుసో తెలియదో నేను చెప్పలేను. నా డబ్బు మాత్రం ఆ అంకె చూసే ఇచ్చాను.

అయితే మొదటి మూడు రోజుల దమ్ము సంగతి? అది భ్రమ కాదు, నిజంగానే వచ్చింది. పాత సెన్సార్ తక్కువ చూపిస్తోంది, బండి పెట్రోలు అందక ఆయాసపడుతోంది. కొత్తది దాదాపు పద్నాలుగు శాతం ఎక్కువ చూపిస్తోంది, కాబట్టి పెట్రోలు ఒక్కసారిగా ఎక్కువ పడింది. ఆకలితో ఉన్నవాడికి కడుపు నిండా భోజనం పెట్టినట్టయింది. పైగా బ్యాటరీ తీగ ఊడదీయడంతో కంప్యూటర్ నేర్చుకున్న పాత దిద్దుబాట్లన్నీ చెరిగిపోయాయి. ఆ తర్వాత సైలెన్సర్ దారిలో ఉండే ఆక్సిజన్ సెన్సార్ పొగను చూసి పెట్రోలు ఎక్కువైందని పదే పదే చెప్పడం మొదలుపెట్టింది. కంప్యూటర్ కొద్దికొద్దిగా పెట్రోలు తగ్గిస్తూ నాలుగైదు రోజుల్లో లెక్క సరిచేసుకుంది. ఈ దిద్దుబాటునే ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. స్కానర్‌లో శాతాల్లో కనిపిస్తుంది. సున్నాకు దగ్గరగా ఉంటే బండి ఆరోగ్యంగా ఉన్నట్టు. పైకి వెళ్తే కంప్యూటర్ పెట్రోలు కలుపుతున్నట్టు, కిందికి వెళ్తే తగ్గిస్తున్నట్టు.

పెట్రోలు సరిపోయాక కూడా బండి ఎందుకు బద్ధకంగా ఉంది అన్నది నాకు చాలా రోజులు అర్థం కాలేదు. సెన్సార్ చెప్పే గాలి లెక్కతో కంప్యూటర్ పెట్రోలు ఒక్కటే కాదు, స్పార్కు ఎప్పుడు వేయాలో కూడా నిర్ణయిస్తుంది. గాలి ఎక్కువ వెళ్తోందంటే ఇంజను మీద బరువు ఎక్కువ ఉందనుకుంటుంది. నాకింగ్, అంటే మిశ్రమం అదుపు తప్పి మండి ఇంజను టకటకలాడటం, రాకుండా స్పార్కును కాస్త ఆలస్యం చేస్తుంది. ఆక్సిజన్ సెన్సార్ పెట్రోలును సరిచేయగలదు గానీ స్పార్కును సరిచేయలేదు. బలం పెంచుతానని వచ్చిన సెన్సార్ ఈ దారిన బలం తగ్గిస్తుంది.

ఇక మేస్త్రి గారు చేసిన పరీక్ష. పాత సెన్సార్‌ను అలాగే, శుభ్రం చేయకుండా, తిరిగి బిగించి రెండు రోజులు నడపమన్నారు. మూడో రోజు వెళ్తే ఇంజను వేడెక్కనిచ్చి, నిలకడగా ఉన్నప్పుడు, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజను తిరుగుతున్నప్పుడు, ట్రిమ్ చూశారు. +24. యాక్సిలరేటర్ పట్టుకుని 2,500 ఆర్‌పీఎం దగ్గర చూశారు. +9. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కించారు. బండి మీద బరువు పడుతుంటే +18కి వెళ్ళింది.

"ఇందులో రెండు జబ్బులున్నాయి" అన్నారు దిగుతూ.

సెన్సార్ మురికి ఒక్కటే అయితే గాలి ఎక్కువ వెళ్ళే కొద్దీ తప్పు పెరగాలి. నిలకడగా ఉన్నప్పుడు అంత పెద్ద అంకె రాకూడదు. నిలకడలో ఎక్కువగా ఉండి, రేసు ఇస్తే తగ్గిందంటే సెన్సార్‌ను దాటుకుని, తూకం లేకుండా ఎక్కడో గాలి దొంగదారిన లోపలికి వెళ్తోందని అర్థం. నిలకడలో ఇంజను పీల్చేదే కొంచెం గాలి, అందులో దొంగగాలి వాటా పెద్దది. రేసు ఇస్తే అసలు గాలి పెరిగి ఆ వాటా చిన్నదవుతుంది. ఇంత తేలిక తర్కం. నేను పదహారేళ్ళుగా సరుకు రాకపోకలు, నిల్వ తేడాలు చూస్తున్నవాణ్ణి. గేటు దగ్గర కాటా సరిగ్గానే ఉండి, నిల్వ లెక్క కలవకపోతే వెనక తలుపు వెతకాలని నాకు తెలుసు. బండి విషయానికి వచ్చేసరికి తట్టలేదు.

వెతికితే దొరికింది. ఇంజను లోపలి ఆవిర్లను ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోకి పంపే పీసీవీ రబ్బరు గొట్టం, వంపు తిరిగే చోట అడుగువైపు చీలి ఉంది. పైనుంచి చూస్తే ఏమీ కనిపించదు. మేస్త్రి గారు వేలితో నొక్కి పట్టుకోగానే ఇంజను శబ్దం మారింది. పన్నెండేళ్ళ రబ్బరు, విజయవాడ ఎండలు. కొత్త గొట్టం, రెండు క్లాంపులు కలిపి ఎనిమిది వందలలోపే అయింది.

ఇక్కడ నన్ను బాగా కలవరపెట్టిన విషయం ఒకటుంది. ఎక్కువ చూపించే కొత్త సెన్సార్, ఈ దొంగగాలి రెండూ నిలకడలో ఒకదాన్నొకటి కప్పేశాయి. ఆ మూడు వారాలూ నిలకడలో ట్రిమ్ చూస్తే +3, గాలి సెకనుకు 2.4 గ్రాములు. 1.8 లీటర్ల ఇంజనుకు అచ్చంగా ఉండవలసిన అంకెలే. రెండు తప్పులు కలిసి ఒప్పులా కనిపించాయి. ఇంజను బొమ్మ వెలగలేదని నేను సంతోషించింది అందుకే. ఆ గొట్టం అలాగే చీలుతూ పోయేది, నాకు తెలిసేది కాదు.

సెన్సార్‌కు నూగు ఎలా పట్టిందో కూడా ఆయనే తేల్చారు. గాలి గొట్టం లోపల తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డకు ఎర్రటి జిడ్డు అంటింది. ఏడాదిన్నర కిందట నేను కాగితం ఫిల్టరు తీసేసి, కడిగి నూనె రాసి మళ్ళీ వాడుకునే నూలు ఫిల్టరు పెట్టించాను. గాలి బాగా ఆడుతుందని, ఇంజను బలం పెరుగుతుందని అప్పుడు కూడా ఎవరో చెప్పారు. దానికి రాసే నూనె ఎర్రగా ఉంటుంది. మొన్న దసరాకు కడిగినప్పుడు నేనే చేత్తో నూనె బాగా పట్టించాను, ఎక్కువైంది. ఆ నూనె గాలితో కొట్టుకుపోయి తీగకు అంటింది. దాని మీద దారి పొడవునా ఇసుక లారీల దుమ్ము పేరుకుంది. అలాంటి ఫిల్టరు తప్పక చెడు చేస్తుందని నేను అనను. నూనె కొలత ప్రకారం వేసి, పూర్తిగా ఇంకనిచ్చి వాడేవాళ్ళున్నారు. నా చేతిలో జరిగింది మాత్రం ఇది.

శుభ్రం చేసే పని పావుగంట కూడా పట్టలేదు. ఎయిర్‌ఫ్లో సెన్సార్ల కోసమే అమ్మే స్ప్రే ఉంటుంది. కార్బొరేటర్ క్లీనర్ గానీ బ్రేకు క్లీనర్ గానీ వాడకూడదు. అవి ప్లాస్టిక్‌నూ తీగ మీది పూతనూ తింటాయి. ఇంజను చల్లారాక రెండు స్క్రూలు విప్పి, సాకెట్ ఊడదీసి, సెన్సార్‌ను తలకిందులుగా పట్టుకుని పదిహేను సార్లు స్ప్రే కొట్టారు. మొదట బూడిదరంగు చుక్కలు, తర్వాత నీళ్ళలాంటి చుక్కలు కారాయి. గుడ్డ పెట్టలేదు, దూదిపుల్ల పెట్టలేదు, నోటితో ఊదలేదు. తీగ వేలు తగిలితే తెగేంత సున్నితం. అరగంట నీడలో ఆరబెట్టారు. ఆ అరగంటలో టీ తెప్పించారు, నాన్నగారి పాత అంబాసిడర్ కబుర్లు చెప్పారు. మళ్ళీ భూతద్దం పెట్టి చూస్తే తీగ వెండిపోగులా మెరుస్తోంది.

కాగితం ఫిల్టరు వేసి, బ్యాటరీ తీగ ఊడదీసి తగిలించి, వారం నడిపాను. నిలకడలో +2, ఫ్లైఓవర్ మీద +3. కాజ దగ్గర తడబాటు లేదు. మైలేజీ 13.4.

అంతటితో వదిలేయవచ్చు. కానీ 4,200 పెట్టి కొన్న వస్తువు గురించి అనుమానం మిగలకూడదనుకున్నాను. ఒకవేళ బండి బాగైన తర్వాత అది పెడితే నిజంగా బలం వస్తుందేమో. గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా సహోద్యోగికి కూడా ఇదే మోడల్ బండి ఉంది, దాని సెన్సార్ రెండేళ్ళ కిందట కంపెనీదే కొత్తది వేయించారు. విషయం చెప్పి, ఒక వారం సెన్సార్లు మార్చుకుందామని అడిగితే ఒప్పుకున్నారు. అలా మే నెలలో మూడు వారాలు, వారానికొక సెన్సార్. కంప్యూటర్ దిద్దుకోవడానికి వారం పూర్తిగా ఇచ్చి, ఆదివారం ఉదయం ఐదున్నరకు కాజ దాటాక ఖాళీగా ఉండే అదే ముక్కలో మూడో గేరులో 40 నుంచి 100 వరకు లాగించడం. పక్కన మా అబ్బాయి స్పీడోమీటర్‌ను ఫోనులో వీడియో తీశాడు. తర్వాత ఇంట్లో వీడియో ఆపి ఆపి సెకన్లు లెక్కపెట్టాం. ప్రతిసారీ నాలుగు పరుగులు, వాటి సగటు.

శుభ్రం చేసిన నా పాత సెన్సార్‌తో 9.7 సెకన్లు, గరిష్ఠంగా 94 గ్రాములు. సహోద్యోగి కంపెనీ సెన్సార్‌తో 9.6 సెకన్లు, 95 గ్రాములు. ఈ రెంటి మధ్య తేడా చేతితో లెక్కించే పొరపాటులో కలిసిపోతుంది. బంగారు అక్షరాల సెన్సార్‌తో 10.1 సెకన్లు, 107 గ్రాములు, ట్రిమ్ -11. యాప్ మాత్రం ఆ రోజే అందరికంటే ఎక్కువ హార్స్‌పవర్ చూపించింది. వీడియోలో ముల్లు అందరికంటే ఆలస్యంగా 100కు చేరింది. మా అబ్బాయి రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి అది నాకు చూపించినప్పుడు నేను చాలాసేపు మాట్లాడలేదు.

ఇంకొక సంగతి ఆ నెలలోనే గమనించాను. ఒక పనిరోజు మధ్యాహ్నం మూడు గంటలకు, బయట 43 డిగ్రీలున్నప్పుడు, నా పాత సెన్సార్‌తోనే అదే చోట లాగిస్తే గరిష్ఠంగా 89 గ్రాములే వచ్చాయి. తెల్లవారుజామున 28 డిగ్రీల్లో 94. సెన్సార్ చెడిపోలేదు. వేడికి గాలి పలచబడింది, ఇంజనుకు నిజంగానే ఐదు శాతం గాలి తక్కువ అందింది, దాన్ని అది ఉన్నదున్నట్టు చెప్పింది. మన ఊరి ఎండకూ తెల్లవారుజాముకూ మధ్య బండికి వచ్చే తేడా, నేను డబ్బిచ్చి కొన్న తేడా కంటే ఎక్కువ, నిజమైనది కూడా.

బయటి కంపెనీల సెన్సార్లన్నీ ఇలాంటివే అని ఎవరూ అనుకోవద్దు. కార్ల కంపెనీలకు ఈ సెన్సార్లు తయారుచేసి ఇచ్చేవే బాష్, డెన్సో, హిటాచీ వంటి సంస్థలు. అవే తమ పెట్టెల్లో, తమ పేరుతో కూడా అమ్ముతాయి. మీ బండి పార్టు నంబరుకు సరిపోయినది, నమ్మకమైన చోట కొంటే కంపెనీ పెట్టెలో వచ్చే దానికి అది ఏమీ తీసిపోదు. తీగ తెగిపోయి సెన్సార్ నిజంగా చచ్చిపోతే అలాంటిదే వేసుకోవాలి. ఇంజనుకు టర్బో బిగించి, పెద్ద ఇంజెక్టర్లు వేసినవాళ్ళకు పాత సెన్సార్ కొలవగలిగే హద్దు దాటిపోతుంది. వాళ్ళకు పెద్ద సెన్సార్ అవసరమే. కానీ దాని కొలతల పట్టికను కంప్యూటర్‌లో కొత్తగా రాయించాలి. పట్టిక మార్చకుండా కాటా మార్చితే ఏమవుతుందో పైన రాశాను. ఇంకో మాట: మన రోడ్ల మీద తిరిగే చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి అసలు ఈ సెన్సారే ఉండదు. మానిఫోల్డ్‌లోని పీడనం చూసి గాలి లెక్క కట్టే వేరే సెన్సార్ ఉంటుంది. డీజిల్ బండ్లలో ఉన్నా, అక్కడ ముఖ్యంగా పొగ అదుపుకూ, సైలెన్సర్ దారి నుంచి పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజనులోకి పంపే ఏర్పాటుకూ దాన్ని వాడతారు. కొనే ముందు మీ బండిలో ఏముందో బానెట్ ఎత్తి చూసుకోండి.

దుకాణానికి తిరిగి వెళ్ళాను. బిగించిన ఎలక్ట్రికల్ వస్తువు వాపసు తీసుకునేది లేదన్నారు. వాదించలేదు. వీడియో మాత్రం ఆ కుర్రవాడికి చూపించి, యాప్ అంకె ఎక్కడినుంచి వస్తోందో చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

పోయిన ఆదివారం తెనాలి నుంచి మా బావమరిది వచ్చాడు. అతని బండి కూడా కొంతకాలంగా తడబడుతోందట. బీరువా మీదున్న పెట్టె చూసి, "బావా, నీకు అక్కరలేకపోతే ఇది నాకివ్వు" అన్నాడు. ఇవ్వలేదు. బానెట్ ఎత్తించి, ఇంజను ఆన్ చేయించి, ఇద్దరం ముందుగా రబ్బరు గొట్టాల వంపులన్నీ ఒక్కొక్కటిగా వేలితో నొక్కి చూశాం. డబ్బాలో ఇంకా సగం స్ప్రే మిగిలి ఉంది.